కంగారు పడాల్సింది ఎవరు?

తెలుగులో 'కంగారు' అన్న మాటకి రెండు అర్థాలు. మొదటిది, మిడ్ ఎగ్జామ్‌కి ముందు రోజు రాత్రి హాస్టల్ రూముల్లో పుట్టేది. రెండోది, కడుపు సంచిలో పిల్లని పెట్టుకుని ఆస్ట్రేలియాలో గెంతుతూ తిరిగేది. ఈ రెండింటికీ చుట్టరికం ఏమీ లేదు. 1770లో కెప్టెన్ కుక్ తన ఓడ రిపేరు కోసం ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో ఆగినప్పుడు, అక్కడి మూలవాసుల గూగు యిమిథిర్ భాషలోంచి 'గంగుర్రు' అన్న మాటని ఇంగ్లీషువాళ్ళు రాసుకున్నారు. అదే ఊళ్ళు తిరిగి తిరిగి మన దగ్గరికి కంగారూ అయి వచ్చింది. "ఆ జంతువు పేరేంటని అడిగితే వాళ్ళ భాషలో 'నాకు తెలీదు' అన్నారట, అదే పేరైపోయిందట" అనే కథ మీరూ వినే ఉంటారు. అది ఉత్త కథ. గంగుర్రు అంటే నిజంగానే ఒక రకం కంగారూ.

తెలుగు క్లబ్ పత్రికలో కంగారూ గోల ఏంటి అనుకుంటున్నారా? మన బ్యాచ్ గ్రూపులు చూడండి. మెల్‌బోర్న్‌లో ఎంఎస్ చేస్తున్న సీనియర్లు పెట్టే కంగారూ వీడియోలకి వచ్చే లైకులు, ఆ సీనియర్ల ప్లేస్‌మెంట్ వార్తలకి కూడా రావు. బాక్సింగ్ చేసే కంగారూ, క్యారెట్ తినే కంగారూ, సెల్ఫీకి పోజిచ్చే కంగారూ. చూసి ముచ్చటపడని వాళ్ళు లేరు. నేనూ పడతాను. కానీ అదే గ్రూపులో 'నేలపట్టుకి ఎవరైనా వెళ్ళారా' అని అడిగితే, 'అదెక్కడ?' అని నాలుగు రిప్లైలు వచ్చాయి. మన నెల్లూరు నుంచి రెండు గంటల ప్రయాణం. నా గొడవ అక్కడ మొదలైంది.

ముందు కంగారూల సంగతే చూద్దాం, ఎందుకంటే మనకి పనికొచ్చే పాఠం అందులో ఉంది.

సిడ్నీకి ఉత్తరాన మోరిసెట్ అని ఒక చోటుంది. అక్కడ ఒక పాత ఆసుపత్రి చుట్టూ ఉన్న పచ్చిక మైదానంలో కంగారూలు గుంపులుగా మేస్తుంటాయి. సోషల్ మీడియా పుణ్యమా అని టూరిస్టులు ఎగబడ్డారు. క్యారెట్లు, బ్రెడ్డు, చిప్స్ పెట్టడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి కంగారూలకి ఒక విషయం అర్థమైంది: మనిషి అంటే తిండి. చేతిలో తిండి ఉన్నంతసేపు బాగానే ఉండేది. అయిపోయాక? కంగారూకి 'అయిపోయింది' అన్న మాట తెలీదు కదా. తన్నడం, గోళ్ళతో రక్కడం మొదలైంది. 2018లో గాయాలై కుట్లు పడిన టూరిస్టుల ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి, తిండి పెట్టొద్దని అధికారులు మొత్తుకున్నారు. పైగా మనుషుల తిండి కంగారూలకి పడదు. దవడ వాచి, ఎముక కుళ్ళే జబ్బు వస్తుంది. అంటే ప్రేమగా పెట్టిన చెయ్యే ఇద్దరికీ చేటు చేసింది.

ఇది మనకి కొత్త కథ కాదు. కొండ మీద గుడికి వెళ్ళినప్పుడు కోతి మన చేతిలో కొబ్బరి చిప్ప లాక్కుంటే 'దొంగ కోతి' అని తిడతాం. దాన్ని దొంగని చేసింది ముందు ఏడాది వచ్చి అరటిపండు అందించి ఫోటో దిగిన భక్తుడు. ఈ ఏడాది వచ్చినవాడు దెబ్బ తింటాడు. మోరిసెట్ కంగారూకీ మన కోతికీ ఖండం తేడా తప్ప ఇంకే తేడా లేదు.

కంగారూ మన దేశానికీ వచ్చింది, తెలుసా? 2022 ఏప్రిల్‌లో ఉత్తర బెంగాల్‌లో సిలిగురి చుట్టుపక్కల రోడ్ల మీద కంగారూలు కనిపించాయి. పాపం, అవి గెంతుకుంటూ రాలేదు. దొంగరవాణా చేసేవాళ్ళు మధ్యలో వదిలేసి పోయారు. బక్కచిక్కి, ఒళ్ళంతా గాయాలతో ఉన్నవాటిని అటవీశాఖ వాళ్ళు కాపాడారు. అయినా అన్నీ బతకలేదు. వీడియోలో చూసి ముద్దొచ్చిన జంతువు ఇంట్లోనూ ఉండాలని కోరుకునేవాడు ఎక్కడో ఒకడు ఉన్నాడు కాబట్టే, దాన్ని లారీలో కుక్కి పంపేవాడు ఇంకొకడు పుట్టాడు.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. అడవి ప్రాణితో మంచి సంబంధం అంటే ఎంత దగ్గరికి పోగలిగాం అన్నది కాదు, ఎక్కడ ఆగాలో తెలిసుండడం. ఇంకో ముక్క కూడా ఉంది. ఆ ఆగడానికి అయ్యే ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఆ ఖర్చు ఎప్పుడూ చెరువు గట్టునో సముద్రపు ఒడ్డునో బతికే పేదవాడి మీదే పడితే అది న్యాయం కాదు. మొదటి సగం మనవాళ్ళకి ఏనాడో తెలుసు. రెండో సగం దగ్గరే మనం చేతులెత్తేస్తున్నాం.

నేలపట్టు సంగతికొద్దాం. దొరవారిసత్రం మండలంలో చిన్న ఊరు. 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. దాదాపు 459 హెక్టార్లు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ ఊరు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, గూడబాతులకి ఆ జీవో కాపీ అందినట్టు లేదు, అవి మామూలుగానే వస్తున్నాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలకి చెరువు నిండుతుంది. చెరువులో ఉన్న కడప చెట్లు నడుము దాకా నీళ్ళలో మునుగుతాయి. ఆ కొమ్మల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. ఐదు కిలోల దాకా బరువుండే పక్షి, రెక్కలు విప్పితే మన హాస్టల్ మంచం కంటే పొడవు. వాటితో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు, స్వాతి కొంగలు. గూడబాతులు పులికాట్ దాకా ఎగిరిపోయి చేపలు పట్టుకొస్తాయి. పిల్ల, తల్లి నోట్లో తల దూర్చేసి తింటుంది. మొదటిసారి చూస్తే తల్లే పిల్లని మింగుతోందేమో అనిపిస్తుంది. ఎండాకాలం ముదిరేసరికి పిల్లలు ఎదిగి అందరూ కలిసి వెళ్ళిపోతారు. వాన పడక చెరువు నిండని ఏడు, కాపురం పెట్టడమే మానేస్తాయి.

మరి ఆ ఊరివాళ్ళకేంటి లాభం? ఉంది. పక్షుల రెట్టలు చెరువు నీళ్ళలో పడతాయి. అందులో నత్రజని, భాస్వరం ఉంటాయి. ఆ నీళ్ళు పారిన పొలానికి ఎరువు తక్కువ వేసినా పైరు ఏపుగా వస్తుందని అక్కడి రైతులు చెబుతారు. పక్షులొచ్చిన ఏడు వానలు పడతాయి, పంట పండుతుంది అనే నమ్మకం కూడా ఉంది. వాన పడితేనే పక్షులొస్తాయి కాబట్టి, నమ్మకంలో కార్యకారణాలు కాస్త అటూ ఇటూ అయినా లెక్క మాత్రం సరిగ్గానే తేలుతుంది!

పోయిన డిసెంబరులో నేను అక్కడికి వెళ్ళినప్పుడు, గట్టు మీద గేదెలు కాసుకుంటున్న ఒక తాతని అడిగా. "ఇన్ని పక్షుల్ని కాపాడుతున్నారు కదా తాతా, వాటికోసం మీరేం చేస్తారు?" ఆయన నన్ను ఎగాదిగా చూసి అన్నాడు: "ఏం జేస్తాం అబ్బయ్యా? ఏం జెయ్యం. వాటి జోలికి బోం. అదే మేం జేసేది."

పర్యావరణం మీద నేను చదివిన పేజీలన్నిటి కంటే ఈ నాలుగు ముక్కలు నాకు బాగా ఎక్కాయి. 'జోలికి పోకపోవడం' అనేది ఒక పని. దానికి ఓపిక కావాలి. ఊళ్ళో కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడలికి, ఉండేలు పట్టుకున్న పిల్లాడికి, సెలవులకొచ్చిన చుట్టానికి, అందరికీ చెప్పుకుంటూ రావాలి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో అయితే ఆ పక్షుల్ని పురుడు పోసుకోడానికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్లా చూసుకుంటారు. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డని మనం ఎలా చూస్తాం? నిద్ర లేపం. గోల చెయ్యం. ఆమె ఉన్న గది ముందు డప్పులు కొట్టం.

ఇప్పుడు సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు మీదికి రండి. రెండు పక్కలా పులికాట్ సరస్సు. చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. చలికాలంలో ఫ్లెమింగోలు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, ముక్కు తలకిందులుగా పెట్టి బురద నీళ్ళని జల్లెడ పడుతుంటాయి. ఆ గులాబీ రంగు పుట్టుకతో వచ్చింది కాదు. అవి తినే నాచులో, చిన్న చిన్న రొయ్య పురుగుల్లో ఉండే రంగు పదార్థం ఒంటికి పట్టి అలా వస్తుంది. అంటే తిండి తగ్గితే రంగు కూడా తగ్గుతుంది.

ఆ రోడ్డు మీద నేను కళ్ళారా చూసిన సీన్ ఇది. కారు ఆగింది. నలుగురు దిగారు. పక్షులు దూరంగా, కదలకుండా మేస్తున్నాయి. వీడియోకి 'మజా' రాలేదు. ఒకడు హారన్ నొక్కి పట్టుకున్నాడు. గుంపంతా ఒక్కసారిగా లేచింది. ఆకాశం గులాబీ రంగైంది. "వావ్" అన్నారు, ఎక్కారు, పోయారు. రీల్ బాగానే వచ్చి ఉంటుంది. కానీ ఇంజనీరింగ్ చదువుతున్నాం కదా, ఎనర్జీ బ్యాలెన్స్ వేయండి. బురదలోంచి చుక్క చుక్కగా ఏరుకున్న తిండిని, అంత బరువు గాల్లోకి లేపడానికి ఖర్చు పెట్టించారు. రోజుకి అలాంటి కార్లు పది వస్తే? పైన ఒక డ్రోన్ కూడా తిరిగితే? డ్రోన్ వాటికి గద్దలా కనిపిస్తుందే తప్ప మన కంటెంట్ క్రియేటర్‌లా కనిపించదు.

సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ 2001లో మొదలైంది. కొన్నేళ్ళు ఆగి, మళ్ళీ 2025 జనవరి 18 నుంచి 20 దాకా జరిగింది. పండగ ఉండాలనే నేనంటాను. ఊరి బడి పిల్లలు బస్సెక్కి వచ్చి, టెలిస్కోపులో మొదటిసారి గూడబాతుని చూసి నోరెళ్ళబెట్టడం చాలా మంచి విషయం. ఆ పిల్లలే రేపు ఉండేలు కింద పెడతారు. నా కోరిక ఒక్కటే. పండగ ఖర్చులో, పండగ మాటల్లో స్టేజీ వాటా తగ్గి చెరువు వాటా పెరగాలి. ఎందుకంటే పులికాట్‌కి అసలు జబ్బు వేరే ఉంది. సముద్రపు నీళ్ళు సరస్సులోకి వచ్చే ముఖద్వారాలు, రాయదొరువు దగ్గర లాంటివి, ఇసుకతో పూడుకుపోతుంటాయి. పూడిక తియ్యమని జాలర్లు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. నీళ్ళు రాకపోతే చేప ఉండదు, జాలరికి తిండి ఉండదు, ఫ్లెమింగోకి రంగు ఉండదు. ఇక్కడ మనిషికీ పక్షికీ పోటీ ఏముంది? ఇద్దరూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టాల్సిన వాళ్ళు.

అన్ని చోట్లా కథ ఇంత తియ్యగా ఉండదని నాకూ తెలుసు. మా మామకి విడవలూరు వైపు రొయ్యల గుంటలు ఉన్నాయి. గుంట మీద అడ్డంగా నిలువుగా తీగలు కట్టి ఉంటాయి. బర్డ్ ఫెన్సింగ్ అంటారు. ఒక గుంటలో జబ్బు రొయ్యని పట్టుకున్న కొంగ, దాన్ని పక్క గుంటలో జారవిడిస్తే తెల్లమచ్చ వైరస్ అక్కడికీ పోతుంది. 1994, 95లో ఈ జబ్బే టైగర్ రొయ్యని, దాంతో పాటు మన జిల్లాలో ఎన్నో కుటుంబాల్ని ముంచింది. 2009లో వనామీ వచ్చాక మళ్ళీ లేచారు గానీ ఆ భయం పోలేదు. నేను తీగల వైపు చూస్తుంటే మామ నా మనసులో మాట పసిగట్టినట్టే అన్నాడు: "పిట్టంటే నాకేం పగ అల్లుడూ? ఒక్క రాత్రిలో పంట బోతే బ్యాంకోళ్ళు పిట్టని అడగతారా, నన్ను అడగతారా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. తీగ కట్టడం తప్పని నేను అనలేను. తుపాకీ మందు కంటే తీగ నయం. నేననేది ఏంటంటే, నేలపట్టు తాతని మెచ్చుకుని, మామని తిట్టి, మనం ప్లేటు నిండా రొయ్యల వేపుడు తినడం కుదరదు. ఖర్చు లెక్కలో మన పేరు కూడా రాయాలి.

ఆ లెక్క అన్నిటికంటే తప్పుగా ఉన్న చోటు మన బీచ్. జనవరి నుంచి మార్చి మధ్య మైపాడు, కోడూరు, తూపిలిపాళెం, ఏ తీరానికైనా పొద్దున్నే వెళ్ళి నడవండి. ఏదో ఒక రోజు ఉబ్బిపోయిన సముద్ర తాబేలు కళేబరం కనిపిస్తుంది. ఆలివ్ రిడ్లే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే ఉంది. 2025 జనవరిలో పక్కనే చెన్నై తీరంలో వందల్లో కొట్టుకొచ్చినప్పుడు పేపర్లు రాశాయి. మన దగ్గర ఒకటి రెండు వస్తే కుక్కలు తప్ప ఎవరూ పట్టించుకోరు.

చావు ఎలా వస్తుందో వినండి. తాబేలు నీళ్ళలో బతికినా ఊపిరి మాత్రం గాలిదే. మధ్య మధ్యలో పైకొచ్చి పీల్చుకోవాలి. ఒడ్డున గుడ్లు పెట్టడానికి ఆడ తాబేళ్ళు తీరం దగ్గరికి చేరే నెలల్లోనే ట్రాలర్ బోట్లు గంటల తరబడి వల ఈడుస్తాయి. వలలో చిక్కింది పైకి రాలేదు. సముద్రంలో పుట్టి పెరిగిన ప్రాణి సముద్రంలోనే మునిగి చచ్చిపోతుంది. వంద దాకా గుడ్లు కడుపులో ఉండగానే. ఆస్ట్రేలియాలో రోడ్డు పక్కన చనిపోయిన కంగారూ కనిపిస్తే, సంచిలో పిల్ల బతికుందేమో చూడమని అక్కడి వన్యప్రాణి సంస్థలు డ్రైవర్లకి చెబుతాయి. చాలాసార్లు పిల్ల దొరుకుతుంది కూడా. మన తాబేలు కడుపులో ఉన్నవాటికి ఆ అవకాశం కూడా లేదు.

చట్టం లేదా అంటే ఉంది. ఆంధ్రాలో తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదు. ఆ నీళ్ళు చిన్న పడవల వాళ్ళవి. కానీ పెద్ద బోట్లు లోపలికి వచ్చేస్తున్నాయని, మా వలలు తెంపేస్తున్నాయని పట్టపుపాళేల్లో వాళ్ళు ఎప్పుడు కదిలించినా చెబుతారు. ఇక ఏటా వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపల సంతతి కోసం పెట్టింది. అప్పటికి తాబేళ్ళు గుడ్లు పెట్టే సీజన్ దాదాపు అయిపోయి ఉంటుంది. వాటికి ప్రాణం పోయే నెలలు వేరు, మనం ఆగే నెలలు వేరు.

ఇక్కడ మన బ్రాంచి పని ఒకటుంది. దాని పేరు టెడ్. తాబేలు తప్పించుకునే పరికరం. వల గొంతులో ఏటవాలుగా బిగించే ఒక కమ్మీల చట్రం, దాని పక్కన బయటికి తెరుచుకునే ఒక సందు. రొయ్యలు, చేపలు కమ్మీల మధ్య నుంచి వల చివరికి పోతాయి. తాబేలు కమ్మీలకి తగిలి, జారి, సందులోంచి బయటపడుతుంది. అంతే. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో చెయ్యగలిగినంత సులువుగా కనిపిస్తుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన జలాలకి సరిపోయేలా ఎప్పుడో డిజైన్ చేసింది. ఇది వాడట్లేదనే అమెరికా 2019 నుంచి మన దేశపు సముద్ర రొయ్యల్ని కొనడం ఆపేసింది. గుంటల్లో పెంచే రొయ్యలకి ఆ నిషేధం లేదు కాబట్టి మన జిల్లాలో పెద్దగా చర్చే జరగలేదు.

మరి ఎందుకు వాడరు? జాలరి మొరటువాడనా? చదువు లేకనా? అలా అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. సందు ఉన్న వలలోంచి తాబేలుతో పాటు కొన్ని చేపలూ పోతాయి. డీజిల్ డబ్బులు, కూలీలు, ఐసు, అప్పు అన్నీ నెత్తి మీద ఉన్నవాడికి ఆ 'కొన్ని' చాలా ఎక్కువ. పక్క బోటువాడు పెట్టకుండా, తనొక్కడే పెడితే తనొక్కడే నష్టపోతాడు. ఇది మంచితనానికి సంబంధించిన సమస్య కాదు, లెక్కకి సంబంధించిన సమస్య. వేట నిషేధం రెండు నెలలకి ప్రభుత్వం 2025లో ఒక్కో మత్స్యకార కుటుంబానికి 20,000 రూపాయలు ఇచ్చింది. 'చేప గుడ్లు పెట్టుకోవాలి, నువ్వు ఆగు, నీ నష్టంలో కొంత మేం భరిస్తాం' అనే ఒప్పందం అది. అదే ఒప్పందం తాబేలు కోసం ఎందుకు కుదరదు? టెడ్ బిగించిన బోటుకి డీజిల్ సబ్సిడీలో కాస్త ఎక్కువ వాటా, ఆ బోటు రొయ్యకి మార్కెట్‌లో కాస్త ఎక్కువ ధర. జాలరి లాభనష్టాల్ని వదిలేసి తాబేలు మీద కవిత్వం రాస్తే, సముద్రం ఒడ్డున అది ఎవరికీ పనికిరాదు.

"ముందు మనుషుల సంగతి చూడండ్రా, తర్వాత తాబేళ్ళు" అని మన క్లాసులోనే అంటారు. నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు అక్కడి యానాదులు దీవి వదిలి రావాల్సి వచ్చింది. అడవి పేరుతోనో, దేశం పేరుతోనో పేదవాణ్ణి పక్కకి జరపడం మనకి అలవాటే. అందుకే నేను ఖర్చు మాట పదే పదే ఎత్తుతున్నాను. కానీ 'ముందు మనుషులు' అనేవాళ్ళు ఒకటి గమనించాలి. 8 కిలోమీటర్ల గీత గట్టిగా అమలైతే మొదట బాగుపడేది ఎవరు? చిన్న పడవ జాలరి. ముఖద్వారం పూడిక తీస్తే? పులికాట్ జాలరి. చెరువు కబ్జా కాకుండా ఉంటే? నేలపట్టు రైతు. మన తీరంలో నాకు కనిపించినంత వరకు, ప్రాణులకి మంచి జరిగిన ప్రతిచోటా అక్కడి పేదవాడికీ మంచే జరిగింది. నష్టపోయింది తొందరలో ఉన్నవాడు మాత్రమే.

ఇంతకీ మనమేం చెయ్యాలి? ఉపన్యాసం ఇచ్చి పోవడం నాకిష్టం లేదు. మన చేతిలో ఉన్నవి నాలుగే చెబుతా.

ఒకటి, ఈసారి క్లబ్ ట్రిప్ నేలపట్టుకి పెడదాం. డ్రోన్ వద్దు, స్పీకర్ వద్దు, హారన్ వద్దు. పది మందికి ఒక బైనాక్యులర్ ఉన్నా చాలు. పక్షి ఎగిరిందంటే మనం ఎక్కువ దగ్గరికి పోయినట్టే. అదే కొలత.

రెండు, జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట బీచ్‌లో క్యాంప్‌ఫైర్లు, ఫ్లడ్ లైట్లు మానేద్దాం. గుడ్డులోంచి వచ్చిన తాబేలు పిల్ల ఎటు వెలుతురు ఎక్కువుంటే అటు పాకుతుంది. కొన్ని కోట్ల ఏళ్ళుగా ఆ వెలుతురు సముద్రానిదే. ఇప్పుడు మన బర్త్‌డే పార్టీ దానికంటే ఎక్కువ వెలుగుతోంది. పిల్ల సముద్రానికి వీపు తిప్పి మన కేకు వైపు వస్తే, తెల్లారేసరికి ఎండకో కుక్కకో బలి.

మూడు, తీరం వెంబడి అటవీశాఖ, ట్రీ ఫౌండేషన్ లాంటి సంస్థలు ఊళ్ళలోని మత్స్యకార కుర్రాళ్ళతో కలిసి గుడ్లు ఏరి, హేచరీల్లో పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతున్నారు. గుడ్లు పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఆ రాత్రి కాపలాలకి మనుషులు కావాలి. ఎన్‌ఎస్‌ఎస్ గంటల కోసం గ్రౌండ్‌లో గడ్డి పీకే బదులు, అక్కడికి పోవచ్చు.

నాలుగు, టెడ్. మెకానికల్‌వాళ్ళు చట్రం చెయ్యండి, ఈసీఈవాళ్ళు వలలోంచి ఎంత చేప బయటికి పోతోందో లెక్కపెట్టే కెమెరా పెట్టండి, మిగతావాళ్ళు నష్టం ఎంతో, ఎవరు భరించాలో లెక్క కట్టండి. కానీ క్యాడ్ ఫైలు తెరవడానికి ముందు పట్టపుపాళెం వెళ్ళి ఒక రోజంతా కూర్చోండి. వల వేసేవాడు 'ఇది కుదరదు' అంటే, ఎందుకు కుదరదో రాసుకోండి. ఆ కాగితమే మన ప్రాజెక్టుకి అసలు ప్రాబ్లం స్టేట్‌మెంట్. ఫైనలియర్‌లో ఎలాగూ ఏదో ఒక ప్రాజెక్టు చెయ్యాలి. ఎక్కడో కొని తెచ్చి, వైవా అయిపోగానే అటక మీద పడేసే బొమ్మ కంటే, ఒక్క బోటులో ఒక్క సీజన్ వాడగలిగే ఇనప చట్రం నయం కదా?

ఈ నాలుగోదానికి నేను సిద్ధం. నా బ్యాచ్‌లో ఇంకా ముగ్గురు కావాలి. వెల్డింగ్ వచ్చినవాళ్ళకి మొదటి పిలుపు.